సువార్తమ్మ గారి మెట్ల బస్సు

నేను ఒక కుర్చీని. ఒకచోట కూలబడి ఉండే రకం కాదు. మెట్ల గోడ వెంబడి బిగించిన ఇనప పట్టా మీద పైకీ కిందికీ నడిచే రకం. ఇంగ్లండులో నన్ను స్టెయిర్‌లిఫ్ట్ అంటారు. సువార్తమ్మ గారు మాత్రం బస్సు అనేవారు. నాకు ఆ పేరే ఇష్టం. బస్సుకి కనీసం నాలుగు వీధులైనా ఉంటాయి కదా.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మోకాళ్లు అరిగిపోయినవాళ్ల కోసం మోకాళ్లు బాగున్నవాళ్లు ఒక పొడుగాటి షెడ్డులో నన్ను బిగించారు. ఒక మోటారు, బ్యాటరీలు, నడుముకు బెల్టు, చేతి కింద ఒక మీట ఇచ్చారు. పక్కన చిన్న తాళంచెవి పెట్టారు. పిల్లలు ఎక్కి ఆడుకోకుండా ఆ చెవి తీసి జేబులో వేసుకుంటే నేను అంగుళం కదలను. ఇది గుర్తుపెట్టుకోండి, నా కథలో తర్వాత దీనితో పని పడుతుంది. ఇక నోటి విషయానికొస్తే, నాకు ఇచ్చింది ఒక్క బీప్ శబ్దం.

నా మొదటి యజమాని ఆర్థర్ అనే రిటైరైన పోస్ట్‌మాన్. భార్య కోసం నన్ను తెప్పించాడు. నన్ను గోడకు బిగిస్తున్న వేళకు ఆమె ఆస్పత్రిలో ఉంది, అక్కణ్నుంచి ఇంటికి రాలేదు. పెట్టిన డబ్బు దండగ కాకూడదని ఆర్థర్ ఉతికిన బట్టల బుట్టను నా ఒళ్లో పెట్టి, దానికి బెల్టు కూడా పెట్టి పైకి పంపేవాడు. అప్పుడప్పుడు పిల్లి ఎక్కేది. ఆయన మాత్రం ఒక్కనాడు కూర్చోలేదు. "నాకింకా కాళ్లున్నాయి" అనేవాడు. ఆ కాళ్లు ఒకరోజు మెట్ల మీదే ఆగిపోయాయి. కొడుకు వచ్చి పిల్లిని ఉంచుకున్నాడు, నన్ను అమ్మేశాడు.

పాత సామాన్ల దుకాణంలో నా పట్టాను కొంత కోసి పొట్టి చేశారు. కొత్త ఇంటికి మెట్లు తక్కువట. మనుషులు ఇల్లు మారితే కాస్త పెద్దది వెతుక్కుంటారు. నేను మారితే నా లోకం ఇంకా చిన్నదైంది. అలా కోవెంట్రీలో ఒక సందు చివరి ఇంటికి వచ్చాను. అదే సువార్తమ్మ గారి ఇల్లు.

తెలుగు నాకు అక్కడే వచ్చింది. కింద హాలు, పక్కన వంటిల్లు, పైన పడకగది. ఎక్కడ ఎవరు ఏం మాట్లాడినా నా దాకా వచ్చేది. వినడం తప్ప వేరే పని లేనివాడికి ఏ భాషైనా వస్తుంది.

సువార్తమ్మ గారు నరసాపురం దగ్గర పుట్టి, అక్కడే నర్సు పని నేర్చుకున్నారు. భర్త చిన్న వయసులోనే పోతే, బడికి వెళ్లే ఈడు కూతురు సలోమి చెయ్యి పట్టుకుని ఇంగ్లండు వచ్చేశారు. పెద్దాస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసి రిటైరయ్యారు. సలోమి కారు భాగాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో చేరింది, అది మూతపడ్డాక ఒక స్కూల్లో వంటపనికి కుదిరింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఇంటి అప్పు వాయిదాలు ఇంకా మిగిలే ఉండేవట. వాయిదాలు తీరేసరికి పెళ్లి మాట ఎత్తేవాళ్లు మిగల్లేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. శుక్రవారం సాయంత్రం సలోమి జీతం తెచ్చి తల్లి చేతిలో పెట్టేది. ఫ్యాక్టరీ రోజుల్లో కవరు కూడా చించకుండా ఇచ్చేదట. జీతం బ్యాంకులో పడడం మొదలయ్యాక కూడా మానలేదు. బ్యాంకుకి వెళ్లి నోట్లు తీసుకొచ్చి మరీ చేతిలో పెట్టేది. సువార్తమ్మ గారు ఆ డబ్బు గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. చర్చికిచ్చే దశమభాగం, పదో వంతు, తీసి బైబిల్ పక్కన పెట్టేవారు. తర్వాత కొంచెం చిల్లర కూతురి చేతిలో పెట్టి "బస్సుకి" అనేవారు. నేను వచ్చేనాటికి సలోమి జుట్టు సగం తెల్లబడింది. అయినా బస్సు డబ్బులు తల్లి దగ్గరే తీసుకునేది. నాకు నవ్వు వచ్చేది.

ఇల్లు కొన్నది ఆ డబ్బుతోనే. తల్లి జీతం తిండికీ చర్చికీ ఊళ్లోని చుట్టాలకీ, కూతురి జీతం ఇంటికీ. అయితే కాగితాల మీద పేరు తల్లిది, వాయిదాలు వెళ్లింది తల్లి ఖాతా నుంచి. పెద్దావిడ ఉండగా నా పేరెందుకు అని అప్పట్లో సలోమే అందట. ఆ మాట అన్నప్పుడు ఆమె చాలా మంచి కూతురు. ఆ మంచితనానికి బిల్లు తర్వాత వచ్చింది.

సువార్తమ్మ గారికి మతిమరుపు ముదిరింది. మొదట చర్చి వాళ్ల పేర్లు పోయాయి, తర్వాత ఇంగ్లీషు పోయింది, తర్వాత ఇది ఏ ఊరో పోయింది. ఒకసారి వంటింట్లో పడి తుంటి వాచింది. అప్పుడు కౌన్సిల్ నుంచి, అంటే ఊరి మునిసిపాలిటీ నుంచి, ముసలివాళ్ల బాగోగులు చూసే మార్సియా అనే ఆవిడ వచ్చింది. పొడుగ్గా, నెమ్మదిగా, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినే మనిషి. హాల్లో, నా కాళ్ల దగ్గరే కూర్చుంది. వాళ్లు మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్తున్నాను.

"మీ అమ్మగారి దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. కేర్ హోమ్ గురించి ఆలోచించారా?"

"దానికి డబ్బు ఎలాగండీ?"

"ఇంట్లోనే ఉంచుకుని సాయం తీసుకుంటే ఈ ఇంటి విలువ లెక్కలోకి రాదు. హోమ్‌కి వెళ్తే వస్తుంది. ఆవిడ పేరు మీద ఉన్న ఇల్లు కదా, ఖర్చు ఇందులోంచే పోవాలి."

"మరి నేను ఇక్కడే ఉంటున్నానండీ."

"మీకు అరవై నిండి ఉంటే ఇంటిని లెక్కలోంచి తీసేసేవాళ్లం. మీకు ఎంత?"

"యాభై ఎనిమిది" అంది సలోమి, తప్పు చేసినదానిలా.

వయసు చాలలేదని బాధపడిన ఆడమనిషిని నేను అప్పుడే చూశాను. మార్సియా వెళ్లాక ఆమె చాలాసేపు మెట్ల మీద కూర్చుంది. నా పట్టాని అరచేత్తో తుడుస్తూ "రెండేళ్లు. ఎలాగో లాగేస్తాను" అంది. ఎవరితో అన్నదో తెలియదు. అక్కడున్నది నేనే.

అప్పటినుంచి ఆ ఇంట్లో కాలం జరగడం కాదు, కాలాన్ని ఈడ్చడం మొదలైంది. పొద్దున ఒక సహాయకురాలు వచ్చి స్నానం చేయించి వెళ్లేది, సాయంత్రం ఇంకొకామె వచ్చేది. మధ్యాహ్నం మాత్రం సలోమి స్కూల్లో ఉండాలి, సువార్తమ్మ గారు ఒక్కరే. ఒకరోజు ఆవిడ నా మీద దిగివచ్చి, గ్యాస్ తిప్పి, వెలిగించడం మరిచిపోయి, దాని మీద పాలగిన్నె పెట్టి నిలబడ్డారు. పక్కింటి వాళ్లకు వాసన వచ్చి తలుపు బాదారు కాబట్టి సరిపోయింది. ఈ సంగతి కౌన్సిల్‌కి తెలిస్తే మర్నాడే హోమ్ అంటారు. సలోమి పక్కింటివాళ్ల చేతులు పట్టుకుని బతిమాలుకుంది.

మర్నాడు స్కూలుకి వెళ్తూ తల్లికి అన్నం పెట్టి, నన్ను పై మెట్టు దగ్గర ఆపి, తాళంచెవి తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంది. నడిచి దిగే శక్తి ఆవిడకు లేదు. కాబట్టి పైనే ఉంటుంది, గ్యాస్ దగ్గరికి రాదు. ఆలోచన బాగానే ఉంది. తలుపుకి గొళ్లెం పెడితే నేరమవుతుంది, కుర్చీకి తాళం తీస్తే జాగ్రత్త అవుతుంది. మనుషులకు ఇలాంటి తేడాలు బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నాల గురించి చెప్పాలంటే నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది. సువార్తమ్మ గారు స్వెట్టర్ వేసుకుని, చేతిసంచి పట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి నా మీద కూర్చునేవారు. బెల్టు పెట్టుకునేవారు, ఆ ఒక్కటీ ఎప్పుడూ మరిచిపోలేదు. మీట నొక్కేవారు. నేను కదిలేవాణ్ని కాదు.

"ఏమయ్యా డ్రైవరూ, ఇంకా తియ్యవా? నాకు డ్యూటీకి లేటైపోతంది" అనేవారు.

మళ్లీ నొక్కేవారు. కోప్పడేవారు కాదు. జీవితమంతా బస్సుల కోసం చూసిన మనిషి కదా, ఓపిక ఎక్కువ. "జనం నిండాక తీస్తావా? సర్లే" అని సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆ కూర్చోవడంలో నాతో కబుర్లు చెప్పేవారు. వార్డులో పోయిన పేషెంట్ల గురించి, గోదారి గట్టు మీద జారిపడ్డ చెప్పు గురించి. ఒకరోజు ఉన్నట్టుండి గొంతు తగ్గించి, నా చేతిని తడుతూ ఇలా అన్నారు:

"ఈ ఇల్లు ఎవరిదనుకున్నావ్? నాదనుకుంటారు అందరూ. పేరే నాది. కట్టిందంతా మా సలోమి. పిచ్చిమొద్దు, కవరు కూడా చించకుండా తెచ్చి చేతిలో పెట్టేసేది. ఏనాడూ ఇది కావాలని అడగలేదయ్యా. దానితో ఎప్పుడూ అన్లేదనుకో. ఎదురుగా మెచ్చుకుంటే చెడిపోద్దని."

ఆ మాట ఆవిడ చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా, రహస్యంగా చెప్పారు. వినాల్సిన మనిషి ఆ వేళకు స్కూల్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నా దగ్గర పడేసిన మాట ఎక్కడికి పోతుంది? నాతోపాటే ఆ పట్టా మీద ఇరుక్కుపోయింది.

కొన్ని నెలలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం మార్సియా అనుకున్న వేళకంటే ముందే వచ్చింది. గంట కొట్టింది. సువార్తమ్మ గారు పై నుంచి "రావమ్మా, నేను దిగలేను, బస్సు కదలట్లేదు" అని కేక వేశారు. ఆ తెలుగు మార్సియాకి ఏం అర్థమవుతుంది? ఆమె వంగి, తలుపుకి ఉత్తరాలు వేసే సందులోంచి చూసింది. పై మెట్టు మీద బెల్టు పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ కనబడింది. అప్పటికే చాలాసేపటినుంచి అలాగే ఉన్నారు. బట్టలు తడిసిపోయాయి. నేనూ తడిశాను. అది నాకు పెద్ద విషయం కాదు. ఒకప్పుడు వార్డంతా పొడిగా, శుభ్రంగా ఉంచిన మనిషికి ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. సంచిని ఇంకాస్త కిందికి జరిపి తడి దాచుకుంటున్నారు.

మార్సియా ఫోన్ చేస్తే సలోమి ఏప్రాన్‌తోనే పరుగెత్తుకుంటూ వచ్చింది. తలుపు తీసింది.

"ఆవిడ ఎందుకు దిగలేకపోతున్నారు?" అంది మార్సియా.

"బ్యాటరీ పాడైందండీ. ఇవాళే."

నాకు తల కొట్టేసినట్టయింది. నా బ్యాటరీకి ఏ లోటూ లేదు. ఆర్థర్ పిల్లిని అడిగినా చెబుతుంది.

"అయితే మెకానిక్‌ని ఇప్పుడే పిలుస్తాను" అని మార్సియా ఫోన్ తీసింది. సలోమి పైకి చూసింది. తల్లి సంచితో తడి దాచుకోవడం చూసింది. అంతే, జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టి చాపింది.

"నేనే తీసేశానండీ. రోజూ తీస్తున్నాను. అమ్మ పడిపోతుందని, గ్యాస్ తిప్పుతుందని నాకు నేను చెప్పుకుంటున్నాను. అదీ ఉంది. కానీ హోమ్‌కి పంపితే ఇల్లు పోతుందని, అందుకే. ముప్ఫై ఏళ్లు ఈ ఇంటికే పనిచేశాను. ఇది పోతే నాకు వెళ్లడానికి చోటు లేదు. అమ్మని అడ్డం పెట్టుకుని ఇల్లు కాపాడుకుంటున్నానండీ."

ఏడవలేదు. ఏడిస్తే తేలికపడేదేమో. మెట్లెక్కి వచ్చి తాళంచెవి పెట్టింది. నేను సువార్తమ్మ గారిని తీసుకుని మెల్లగా దిగాను. అంత మెల్లగా నేనెప్పుడూ దిగలేదు. కింద మార్సియాని చూసి ఆవిడ తమ ఆస్పత్రి పెద్ద నర్సనుకున్నారు.

"సారీ మేట్రన్, లేటయింది. మా అమ్మాయిని ఏమనకండి. డ్రైవరుదే తప్పు. ఎంత చెప్పినా తియ్యలేదండి."

సలోమి ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేకపోయింది. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను ఆ నింద మోశాను. మోయడమే కదా నా ఉద్యోగం.

కేర్ హోమ్ ఖాయమైంది. మార్సియా కసురుకోలేదు, ఇన్నాళ్లూ ఒక్కరే ఎలా ఈడ్చుకొచ్చారని అడిగింది. కసిరి ఉంటే సలోమికి సులువుగా ఉండేది. తర్వాత కౌన్సిల్‌లో డబ్బు లెక్కలు చూసే ఆయన ఫోన్ చేశాడు. సలోమి హాల్లో ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుంది, అందుకని నేనూ విన్నాను.

"ఈ ఇంటికి మీరు డబ్బు కట్టారని అంటున్నారు. కట్టినట్టు ఏదైనా చూపించగలరా?"

"నా జీతమంతా ఇచ్చానండీ. శుక్రవారం శుక్రవారం."

"ఏ ఖాతాకి పంపారు?"

"ఖాతాకి కాదు. అమ్మ చేతిలో పెట్టాను."

"చేతిలో ఎందుకు పెట్టారు?"

సలోమికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అమ్మ చేతిలో కాక ఇంకెక్కడ పెడతారండీ?" అంది. ఆయనకు ఆ జవాబు అర్థం కాలేదు. కన్నతల్లికి జీతమిచ్చి రసీదు అడిగే కూతురు ఆ ఇంట్లో పుట్టలేదని ఆయనకు ఎవరు చెబుతారు?

మీ అమ్మగారు ఏమంటారో వినవచ్చా అన్నాడాయన. సలోమి ఫోన్ తల్లి దగ్గర పెట్టి "అమ్మా, ఈ ఇల్లు ఎవరి డబ్బుతో కొన్నామో చెప్పవా" అంది. ఆశగా అంది. సువార్తమ్మ గారు నిటారుగా కూర్చున్నారు. పోయిన ఇంగ్లీషు ఎక్కడినుంచో తిరిగొచ్చింది. "నా ఇల్లు. నా కష్టం. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నాతో చెప్పిందేమిటి, ఇక్కడ చెప్తున్నదేమిటి? కానీ కొత్తవాళ్ల ముందు పరువు నిలబెట్టుకోవడం ఆవిడకు మతి కంటే లోతుగా దిగిపోయింది. సలోమి ఫోన్ తీసుకుని "విన్నారు కదండీ" అంది. నేను బీప్‌మన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

వెళ్లే రోజు అనుకోకుండా శుక్రవారం పడింది. మార్సియా కారు తెచ్చింది. సువార్తమ్మ గారు మంచి చీర కట్టుకుని, స్వెట్టర్ వేసుకుని నా మీద కూర్చున్నారు. సలోమి పక్కనే ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది.

"రెండు టికెట్లియ్యి డ్రైవరూ. మా అమ్మాయి కూడా వస్తంది."

"నేను తర్వాత బస్సుకొస్తానమ్మా" అంది సలోమి.

కింద దిగాక ఆవిడ లేవలేదు. చెయ్యి చాపారు. "శుక్రవారం కదే. జీతం రాలేదా?"

సలోమి పర్సులో ఉన్నదంతా తీసి ఆ చేతిలో పెట్టింది. సువార్తమ్మ గారు గుప్పిట మూసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. దశమభాగం విడిగా మడిచి సంచిలో దాచారు. తర్వాత ఒక నాణెం ఏరి కూతురి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి "బస్సుకి" అన్నారు. మార్సియా కారు తాళాలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి అంతా చూసింది.

"ఎప్పుడూ ఇలాగేనా?" అంది.

"ఎప్పుడూ ఇలాగేనండీ."

మార్సియా తాను చూసింది చూసినట్టు ఆఫీసులో రాసింది. వాళ్లు దయగా జవాబిచ్చారు. అలవాటును నమ్ముతాం గాని అలవాటు రుజువు కాదన్నారు. సలోమికి అరవై నిండేదాకా హోమ్ ఖర్చు ఇంటి మీద అప్పుగా పేరుకుంటుంది, ఎప్పుడో ఇల్లు అమ్మిననాడు తీసుకుంటారు. అప్పటికి ఇంట్లో సగం తనది కాకుండా పోవచ్చు. తల్లి బతికిన ప్రతి రోజూ కొన్ని ఇటుకలు కరిగిపోతాయి. సలోమి ఈ మాట చర్చి నుంచి వచ్చినవాళ్లతో చెప్పి, "పోనీండి. అమ్మ ఉండాలి" అంది. అన్నాక వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. రెండూ నిజమే.

ఇప్పుడు నాకు పనిలేదు. నన్ను తీయించేస్తుందనుకున్నాను. పాత సామాన్ల దుకాణం, ఇంకో కోత, ఇంకా పొట్టి మెట్లు ఎదురుగా కనిపించాయి. తీయించలేదు. తాళంచెవి నాకే ఉంచేసింది. దాన్ని ముట్టుకోవడం కూడా ఇష్టం లేదనుకుంటాను.

మొన్న శుక్రవారం సాయంత్రం హోమ్ నుంచి వచ్చింది. అక్కడ కూడా తల్లి చేతిలో కొంత పెడుతుందట. ఆవిడ కూతుర్ని గుర్తుపట్టడం మానేశారు. నర్సమ్మా అని పిలుస్తున్నారు. అయినా బస్సుకి మాత్రం ఇస్తున్నారట. ఇదంతా ఫోన్లో ఎవరికో చెప్పింది. చెప్పి, కోటు కూడా విప్పకుండా, మోకాలు పట్టుకుని మెట్ల వైపు చూసింది. మెల్లగా వచ్చి నా మీద కూర్చుంది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. బెల్టు పెట్టుకుంది. అరచేతిలో ఉన్న నాణేన్ని నా చేతి మీద ఉంచి, "పైదాకా ఒకటి ఇయ్యి డ్రైవరూ" అంది.

తీసుకెళ్లాను. ఆమె బరువు తల్లి బరువంతే ఉంది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. పేరే నాది, కట్టిందంతా మా సలోమి. ఇది ఆమెకు ఇవ్వాల్సిన మాట. నెలల తరబడి నా దగ్గర పడి ఉంది. దీన్ని కౌన్సిల్ ఒప్పుకోకపోయినా, ఈమె వింటే చాలు. పై మెట్టు దగ్గర ఆగి, నాకున్న ఒక్క నోటితో బీప్‌మన్నాను. ఆమె లేచింది. ఇంకోసారి బీప్‌మన్నాను. మళ్లీ అన్నాను.

సలోమి వెనక్కి తిరిగి, వంగి, నా పక్కన చెయ్యి వేసి తడిమి చూసింది.

"నీకు నిజంగానే బ్యాటరీ అయిపోయిందా ఏంటి?" అంది, అలసటగా, కొంచెం నవ్వుతూ. నాణేన్ని అక్కడే వదిలేసి గదిలోకి వెళ్లిపోయింది.

నా బ్యాటరీకి ఏ లోటూ లేదు.